పిండి అంటిన పుస్తకాలు

మా ఊళ్లో లైబ్రరీ ఎందుకు మిగిలిందనే విషయం మీద ఇప్పటికి మూడు చరిత్రలున్నాయి. చాయ్ హోటల్ నడిపే మా బావ లెక్కలో అది ఆయన చాయ్ వల్ల మిగిలింది. కోస్తా నుంచి వచ్చి మా దగ్గర భూములు కొని స్థిరపడ్డ ఆసామి లెక్కలో, ఆయన పొలంలో నిలబెట్టిన సెల్ టవరు వల్ల మిగిలింది. మా పెద్దమ్మకైతే అనుమానమే లేదు, అది ఆమె నోటి వల్ల మిగిలింది. ముగ్గురికీ వినేవాళ్లున్నారు. రాసిపెట్టినవాడు లేని చోట గట్టిగా మాట్లాడినవాడిదే చరిత్ర అవుతుంది. అందుకని నిజంగా జరిగింది రాసిపెట్టడం నా మీద పడింది. పైగా ఆ లైబ్రరీ పుస్తకాలన్నీ చదివినవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్ప కోసమే చెబుతానని మా బావ అంటాడు. అదీ ఇక్కడ రాస్తున్నాను, ఏదీ దాచానని అనకుండా.

నాది పిండి గిర్ని. భద్రాచలం పోయే రోడ్డు మీద దిగి లోపలికి నడిస్తే, అడవి మొదలయ్యే చోట ఆగిపోయినట్టు ఉంటుంది మా ఊరు. మా వాళ్ల బియ్యం, జొన్నలు, మిరపకాయలు, పసుపుకొమ్ములు, అడవి గూడేల నుంచి నెత్తిన మూటలతో వచ్చేవాళ్ల రాగులు, అన్నీ నా గిర్నిలోనే పడాలి. పదో తరగతిలో లెక్కలు నన్ను వదిలేశాయి, నేను బడిని వదిలేశాను. మా నాన్న గిర్ని నా చేతికి వచ్చింది.

గిర్ని తిరగాలంటే త్రీ ఫేజ్ కరెంటు కావాలి. రెండు వేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో కరెంటుది అలిగిన అల్లుడి పద్ధతి. వస్తానన్నప్పుడు రాదు, వచ్చాక ఎప్పుడు లేచిపోతుందో చెప్పదు. కరెంటు ఉన్నంతసేపూ గిర్ని. పోగానే మోటారు పట్టా జారవిడిచి, తువ్వాల భుజాన వేసుకుని లైబ్రరీకి. అక్కడ మూడు బీరువాల పుస్తకాలు, ఒక పొడవాటి బల్ల, రెండు దినపత్రికలు. మండల కేంద్రం నుంచి షేర్ ఆటోలో వచ్చి లైబ్రరీ చూసుకునే మేడం, తాను లేని వేళ నేను చదువుకోవడానికి తాళంచెవి మా బావ హోటల్లో ఉంచి వెళ్లేది. నేను భూగర్భ శాస్త్రం చదివినా, అర్థశాస్త్రం చదివినా, ఆకాశంలో తోకచుక్కల గురించి చదివినా, అంతా కరెంటు కోతల పుణ్యమే. నా చదువుకు ఫీజు కట్టింది కరెంటు ఆఫీసు అనుకోవచ్చు.

దీని మీద నాకొక రాజకీయ అభిప్రాయం కూడా ఏర్పడింది. ఎలక్షన్లు దగ్గర పడ్డప్పుడు మాత్రం కరెంటు పోదు. గిర్ని ఆగకుండా తిరుగుతుంది. నేను పుస్తకం ముట్టే వీలుండదు. ఓటు వేసేటప్పుడే మనిషికి చదువు కావాలి, సరిగ్గా అప్పుడే చదవనివ్వరు. ఇది ఏదో ఒక పథకం ప్రకారం జరుగుతున్నదని నేను చాయ్ హోటల్లో చెబితే మా బావ గ్లాసులు కడగడం ఆపి అన్నాడు, "అవ్ బామ్మర్దీ. ఢిల్లీల కూసోని నీ ఒక్కని చదువు ఆపనీకే కరెంటిస్తాండ్రు. పెద్ద ఖర్చే పెట్టుకున్నరు నీ మీద."

గిర్నివాడి చేతుల సంగతి చెప్పాలి. కడిగినా కడగనట్టే ఉంటాయి. గోళ్ల సందుల్లో పిండి, వేళ్ల గీతల్లో పసుపు. కరెంటు పోయిందంటే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి చేతులు కడుక్కుంటూ కూర్చుంటే ఒక పేజీ పోతుందని నాకు భయం. అట్లాగే పరుగెత్తేవాణ్ణి. అందువల్ల నేను చదివిన ప్రతి పుస్తకం మీదా నా బొటనవేలి ముద్ర ఉండేది. పండుగల ముందు చదివినవాటి మీద తెల్లగా బియ్యప్పిండి. పసుపుకొమ్ములు పట్టించే కాలంలో చదివినవాటి మీద పచ్చగా. ఎండాకాలం మిరప పంట వచ్చాక చదివినవాటి మీద ఎర్రగా. ఎలక్షన్లు ఎండాకాలంలోనే వచ్చేవి, అవి కాగానే నేను ఆత్రంగా రాజకీయ పుస్తకాలు తీసేవాణ్ణి. కాబట్టి ఆ బీరువాలో రాజకీయమంతా కారమే.

"తమ్ముడూ," అనేది మేడం, పుస్తకం దూరంగా పట్టుకుని, "నువ్వు చదివిన పుస్తకం ఇంకొకరు చదవాల్నంటే మూతికి గుడ్డ కట్టుకోవాలె. జర చేతులు కడుక్కొని రారాదూ?"

"ఇంకొకరు చదివేదుంటే కడుక్కునే వస్తను మేడం," అనేవాణ్ణి.

ఆమె పుస్తకం దులిపి బీరువాలో పెట్టేసేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పొద్దున పత్రికలు తిరగేయడానికి కొందరు వచ్చేవాళ్లు. బీరువా తలుపు తీయించేవాణ్ణి మాత్రం నేనే.

ఇంతలో సెల్‌ఫోన్లు వచ్చాయి. మా ఊళ్లో ముందు ఫోన్లు వచ్చాయి, సిగ్నల్ రాలేదు. మండల కేంద్రంలో ఉన్న టవరుకూ మాకూ మధ్య అడవీ, గుట్టలూ అడ్డం. ఊరంతా ఫోను పైకెత్తి పట్టుకుని తిరిగి, చివరికి సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో కనిపెట్టారు. ఊరి చివర మెరక మీద ఉంది లైబ్రరీ గది. దాని ముందు మెట్ల మీద నిలబడితే రెండు గుట్టల సందులోంచి సూటిగా వచ్చేది. మెట్టు దిగితే పోయేది. ఎందుకట్లా అవుతుందో నేను పుస్తకంలో చూసి అందరికీ చెప్పాను. ఫోను అలలూ, వెలుతురూ ఒకే జాతి అని, ఒకటి కంటికి కనిపిస్తుంది, ఇంకొకటి కనిపించదు అంతేనని.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, అడిగింది, "కంటికి కనబడని ఎలుతురు ఎందుకురా? దేనికి పనికొస్తది?"

"నీ బిడ్డతోని మాట్లాడనీకే పెద్దమ్మా."

"అట్లయితే మంచిదే," అని ఊరుకుంది.

ఆమె కూతురు సత్తుపల్లిలో ఉంటుంది, అల్లుడికి బొగ్గు గనిలో పని. పెద్దమ్మ ఫోను మాట్లాడేది తక్కువ. సాయంత్రం మెట్ల మీదికి వచ్చి కూర్చుంటే అటు నుంచి ఒక రింగు వచ్చి ఆగిపోయేది. అంటే అందరూ బాగున్నారని. ఈమె తిరిగి ఒక రింగు ఇచ్చేది. అంటే ఇక్కడా బాగున్నామని. రెండు రింగులు వస్తే మాట్లాడాల్సిన పని ఉందని. మిస్డ్ కాల్ మీద నేనొక సిద్ధాంతం తయారు చేసి ఉంచుకున్నాను. మాట అమ్మే వ్యాపారంలో మౌనాన్ని ఉచితంగా వదిలేస్తే జనం మౌనంతోనే మాట్లాడుకుంటారని. అదంతా వివరంగా చెప్పబోతే పెద్దమ్మ మధ్యలోనే తేల్చేసింది.

"బాగున్నమని చెప్పుకోనీకే పైసలెందుకురా? బాగలేనప్పుడు పెడదాం."

ఇక మెట్ల మీద ఎప్పుడు చూసినా మనుషులే. కాల్ వచ్చేదాకా ఊరికే కూర్చోలేక లోపలికి వచ్చి పత్రిక తీసేవాళ్లు. చదువు రానివాళ్లకు నేను గట్టిగా చదివి వినిపించేవాణ్ణి, మధ్యమధ్యలో నా అభిప్రాయాలు కలిపి. వార్త ఎక్కడ ఆగిందో, నా మాట ఎక్కడ మొదలైందో తెలియడం లేదని మా బావ ఫిర్యాదు. మెట్ల పక్కనే ఆయన హోటల్. ఆయన చాయ్ కూడా బాగా అమ్ముడుపోయింది. ఆయన చరిత్రలో ఇదే మొదటి అధ్యాయం.

అప్పుడు ఊళ్లోనే టవరు పెడతామని ఒక కంపెనీ మనుషులు వచ్చారు. ఆసామి తన పొలంలో జాగా ఇస్తానన్నాడు. కొందరు వద్దన్నారు. తలనొప్పులొస్తాయని, పిచ్చుకలు పోతాయని, మామిడి పూత నిలవదని. పంచాయతీ ముందు మీటింగు పెట్టారు. అంతకాలం చదివిన చదువు ఊరికి ఉపయోగపడే రోజు వచ్చిందని నేను లేచి మాట్లాడాను. నిప్పు వచ్చిన రోజుల్లో కూడా ఎవరో ఒకరు వద్దనే ఉంటారని, రైలు వచ్చినప్పుడూ అన్నారని, మనిషి కొత్తదాన్ని చూసి భయపడటం ఆగితే తప్ప ఊరు ముందుకు పోదని. ఇంకా చాలా చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆసామి నా భుజం తట్టాడు.

"మా బాగా సెలవిచ్చారండీ. చదువుకున్నోడు చదువుకున్నోడే."

ఆ మాటకు నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

టవరు లేచింది. సిగ్నల్ ఇళ్లలోకి వచ్చింది, గొడ్ల కొట్టాల్లోకి వచ్చింది, చెరుకుతోటలోకి వచ్చింది. లైబ్రరీ మెట్లు మాత్రం ఖాళీ అయ్యాయి. మంచం మీద పడుకుని మాట్లాడే వీలున్నప్పుడు మెరక ఎక్కేదెవరు? పత్రికల దగ్గర కూడా మళ్లీ పాత కొద్దిమందే. పెద్దమ్మ తన ఇంటి అరుగు మీదే సత్తుపల్లి రింగు అందుకుంటూ, నేను కనబడితే ఫోను ఎత్తి చూపించేది. హోటల్లో చాయ్ గిరాకీ పడిపోయిన రోజున మా బావ నా ముందు ఖాళీ గ్లాసు పెట్టాడు.

"చాయేది బావా?"

"ఊరు ముందుకు పోయింది బామ్మర్దీ. చాయ్ ఈడనే ఉండిపోయింది."

ఇదంతా నవ్వులాటగానే ఉండేది. కానీ ఒకనాడు మేడం బల్ల దగ్గర కూర్చుని నాతో మెల్లగా చెప్పింది. జనం రాని చిన్న లైబ్రరీలను ఎత్తేసి మండల కేంద్రంలో ఉన్నదాంట్లో కలుపుతున్నారట. మా ఊరిది కూడా ఆ వరసలో ఉందట. ఖమ్మం ఆఫీసు నుంచి ఒక పెద్దసారు వచ్చి కళ్లతో చూసి నిర్ణయిస్తాడట. "నాకైతే మంచిదే తమ్ముడూ, ఇంటి దగ్గరికే పోతది," అన్నది. అని, పత్రికలు సర్దినవే మళ్లీ సర్దింది.

నా సంగతి ఆలోచించండి. మండల కేంద్రం పోయి రావాలంటే ఆటో కోసం ఎదురుచూడాలి, అక్కడ చదవాలి, మళ్లీ ఆటో. ఈలోపు కరెంటు వస్తే గిర్ని ముందు డబ్బాలు, మూటలు వరస కట్టి ఉంటాయి. కోతల మధ్య దొరికే సమయంలో నడిచి పోగలిగినంత దూరంలో ఉంటేనే అది నా లైబ్రరీ. మూడు బీరువాలూ ఆటో ఎక్కాయంటే నా చదువు అక్కడితో సరి. చదువు నాకు బడిలో ఒకసారి పోయింది. అప్పుడు పెద్దగా తెలియలేదు. ఈసారి తెలుస్తుంది.

మా బావ దగ్గర ఉపాయం ఉంది. "సారు వచ్చే రోజు అందరికీ ఉత్త చాయ్ పోస్త. వచ్చి బల్ల కాడ కూసుంటరు. చేతికొక బుక్కియ్యి."

"నకిలీ పాఠకులు వద్దు బావా."

"మీటింగులకు లారీల్ల ఎక్కిచ్చి తీస్కపోతే తప్పు లేదు గని, సదువుకు నడిపిచ్చుకొస్తే తప్పా?"

నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోనందుకు రోజంతా బాధపడ్డాను కూడా.

ఆసామి ఇంకో మాట చెప్పాడు, ఓదార్పు అనుకునే చెప్పాడు. "మా మేనల్లుడు ఖమ్మంలో ఖానాపురం హవేలి దగ్గర ఇంటర్నెట్టు సెంటరు పెట్టాడండీ. లోకంలో పుస్తకాలన్నీ దాంట్లోనే ఉంటాయంట. ఇంకీ బీరువాలు దేనికండీ?"

టెక్నాలజీ మీద నా అభిప్రాయం ఆ క్షణంలో కొంచెం కదిలింది. ఆ రోజు మూడు బీరువాలూ వెతికాను, ఇంటర్నెట్టు అన్న మాట ఒక్క పుస్తకంలోనూ లేదు.

పెద్దసారు వచ్చే రోజు రానే వచ్చింది. ఆ రోజు పొద్దున చాయ్ కూడా తాగకముందే కరెంటు పోయింది. ఎక్కడో తీగ తెగిందన్నారు. ఎండ ఎక్కింది, కరెంటు రాలేదు. టవరు కింద ఉన్న బ్యాటరీ కొంతసేపు ఆదుకుంది. ఆ తర్వాత జనరేటరు నడవాలి. డీజిల్ రావాల్సిన బండి రాలేదు. టవరు ఊరికే ఇనుప నిచ్చెనలా నిలబడిపోయింది.

అప్పుడు జరిగింది నేను మెట్ల మీద నిలబడి చూశాను. ముందు ఒకరిద్దరు ఫోను పైకెత్తి పట్టుకుని వీధిలోకి వచ్చారు. తర్వాత పాత దారి గుర్తొచ్చింది అందరికీ. మెరక ఎక్కుతున్నారు. కూలికి పోవాల్సినవాళ్లు, పర్ణశాల చూసి వస్తూ మా ఊళ్లో చుట్టాల దగ్గర ఆగినవాళ్లు, చర్చి పని మీద పాస్టరుగారితో మాట్లాడాల్సినవాళ్లు, అందరికంటే ముందు మా పెద్దమ్మ. పొద్దున గిర్నికి తెచ్చిన డబ్బాలు, మూటలు కూడా కొందరు వెంట తెచ్చుకున్నారు, కరెంటు వస్తే అటు నుంచి అటే పోవచ్చని. మెట్లు నిండిపోయాయి. లోపల బల్ల దగ్గర జాగా లేదు. రెండు పత్రికలూ పేజీలుగా విడిపోయి ఒక్కో చేతిలో ఒక్కో ముక్క. మా బావ ఉచితంగా పోయాల్సిన చాయ్ మామూలు ధరకే అమ్ముకున్నాడు.

పెద్దసారు సరిగ్గా అప్పుడే జీపు దిగాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచి. మెట్ల మీది జనాన్ని చూసి ఆయన ముఖం విప్పారింది. "ఇంతమంది పాఠకులా?" అన్నాడు మేడంతో.

మేడం నీళ్లు నమిలింది. ఆమె అబద్ధం చెప్పలేదు, నిజం చెప్పే ధైర్యమూ లేదు. పెద్దమ్మకు ఆ బాధ లేదు.

"సదవనీకే కాదు సారు, ఫోన్లకొచ్చినం. కరెంటు లేక కొత్త టవరు పండుకున్నది. సిగిలాలు ఈడనే దొరుకుతది. నువ్వు గూడ చెయ్యాల్నంటే ఆ మూడో మెట్టు మీద నిలవడు, మంచిగ వస్తది."

నేను కళ్లు మూసుకున్నాను. పెద్దసారు ముఖం ముడుచుకుంది. లోపలికి పోయి నేరుగా బీరువా దగ్గరికి నడిచాడు. ఆయనకు అనుభవం ఉంది. లైబ్రరీ నడుస్తుందో లేదో తెలియాలంటే మనుషుల్ని చూడకూడదు, పుస్తకాలు చూడాలి. ఎవరూ ముట్టని పుస్తకం తెరిస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి.

మొదట భూమి లోపలి పొరల గురించిన పుస్తకం తీశాడు. తెరిచాడు. ప్రతి రెండు మూడు పేజీలకూ అంచున తెల్లటి బొటనవేలు. ఇంకొకటి తీశాడు, రోగాలూ సూక్ష్మజీవుల గురించి. అందులో పచ్చటి వేలు. ఆయన మేడం వైపు చూశాడు. మేడం బల్ల మీది దుమ్ము చూసింది. మూడోది ప్రజాస్వామ్యం గురించి. దాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చి పేజీలు గబగబా విదిలించాడు. ఇక తుమ్ములు. కళ్లజోడు తీసి తుమ్మాడు, బీరువా పట్టుకుని తుమ్మాడు. మా బావ మంచినీళ్లు తెచ్చాడు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు గొంతు సర్దుకుని.

మేడం ఏళ్లుగా నా మీద దాచుకున్న ఫిర్యాదంతా ఒక్కసారి బయటికి వచ్చింది. "పిండి గిర్ని తమ్ముడు సార్. ఎంత చెప్పినా చేతులు కడుక్కోడు. మూడు బీరువాల్ల ఆయన వేలు లేని పుస్తకం లేదు సార్. ఇది కారం సీజన్‌ల చదివిండు."

"ఈ పుస్తకాలన్నీనా?"

"అన్నీ సార్. కొన్ని రెండుసార్లు. తెల్లదాని మీద పచ్చది చూడుండ్రి."

పెద్దసారు నా వైపు తిరిగాడు. నేను మాట్లాడటానికి గొంతు సవరించుకున్నాను. లైబ్రరీ ఎందుకుండాలో చెప్పడానికి పదిహేను రోజులుగా మనసులో తయారు చేసుకున్న ఉపన్యాసం ఉంది. గ్రీకుల దగ్గర మొదలుపెడదామనుకున్నాను. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది.

మెట్ల మీద ఎవరో "వచ్చింది" అన్నారు. అంతే. ఫోన్లవాళ్లు లేచారు. డబ్బాలవాళ్లు లేచారు. "ఓ గిర్నాయనా, జల్దీ రా, మల్ల పోతది," అని పెద్దమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది. త్రీ ఫేజ్ వచ్చాక ఆగడం నా చేతిలో లేదు. ఉపన్యాసం మింగేసి మెరక దిగి పరుగెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే లైబ్రరీ ముందు పెద్దసారూ మేడమూ తప్ప ఎవరూ లేరు. నా చదువు కథ అంతటితో అయిపోయిందనుకున్నాను.

గిర్నిలో జొన్నలు పోసి, పట్టా ఎక్కించి, పని మొదలుపెట్టాను. దిగులుగా ఉంటే నాకు నోరు ఇంకా ఎక్కువ నడుస్తుంది. గిర్ని చప్పుడును మించి గొంతు పెంచి, వరసలో ఉన్నవాళ్లకు ఆ రోజు పత్రికలో చదివిన సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఊళ్లోకి ప్యాకెట్ గోధుమపిండి ఎందుకు వస్తున్నదో, అది వస్తే గిర్ని ఏమవుతుందో, గిరాకీకీ ధరకూ ఉన్న చుట్టరికం ఏమిటో. మధ్యలో తలెత్తి చూస్తే పెద్దసారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా మీద అప్పటికే తెల్లటి పొర. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు.

ఆయన నాతో మాట్లాడలేదు. పక్కన డబ్బా మీద కూర్చున్న పెద్దమ్మను అడిగాడు. "ఈయన రోజూ ఇట్లనే చెప్తడా?"

"ఏం జేస్తం సారు. ఈ ఊళ్లె పిండి కావాల్నంటే ముందుగాల ఇది ఇనాలె. ఇంకో గిర్ని లేదు."

"అర్థమైతదా మీకు?"

"ఇనంగ ఇనంగ అదే ఎక్కుతది. భూమి లోపట అన్నం కుండ లెక్క ఉడుకుతాందట. గందుకే మణుగూరు దిక్కు బోర్లకెల్లి ఉడుకు నీళ్లొస్తయట. బొగ్గంటే ఒకప్పటి అడివేనట. మా అల్లుడు సత్తుపల్లిల తవ్వేది అడివినే. ఈడ మేము పైనున్న అడివిని కొడితిమి, ఆడ ఆయన కింద ఉన్న అడివిని కొట్టవట్టె." డబ్బా మీద సర్దుకుని కూర్చుని మళ్లీ అంది, "మిర్చి రేటు ఎందుకు పడ్డదో గూడ చెప్పిండు. పడ్డంక చెప్పిండు, అదొక్కటే తక్కువ."

వరసలో అందరూ నవ్వారు. పెద్దసారు కూడా. ఆయన నవ్వు ఆపుకుని అసలు ప్రశ్న అడిగాడు. "అంటే లైబ్రరీల చదివేటోడు ఒక్కడే అన్నట్టు. ఒక్క మనిషి కోసం లైబ్రరీ నడుపుదామా అమ్మా?"

నేను గిర్ని ఆపేద్దామనుకున్నాను, జవాబు బాగా వినబడాలని. కానీ పిండి పడుతున్నది.

"ఒక్కడే సదువుతడు సారు," అన్నది పెద్దమ్మ. "ఊరంత ఇంటది. అందరం సదివితే పిండెవరు పట్టాలె? మా అందరి పేర్న ఈనె సదువుతాండు అనుకో. గని ఆ బీర్వలు తీస్కపోతే ఈనె పాత ముచ్చట్లే మల్ల మల్ల చెప్తడు. గది మావల్ల కాదు. మా మీద జర దయుంచు."

పెద్దసారు నా దగ్గరికి వచ్చి, నా కుడిచెయ్యి పట్టుకుని తిప్పి బొటనవేలు చూశాడు, డాక్టరు నాడి చూసినట్టు. తర్వాత తన చొక్కా దులుపుకున్నాడు. దులిపిన చోటల్లా ఇంకా అంటుకుంది. "దులిపితే పోదు సార్. ఉతకాల్సిందే," అన్నాను. ఆ రోజు పెద్దసారుతో నేను మాట్లాడిన మాటలు అవి మాత్రమే. గ్రీకులు అట్లాగే ఉండిపోయారు.

మా లైబ్రరీ మా ఊళ్లోనే ఉండిపోయింది. ఆ కబురు తర్వాత మేడం చెప్పింది. దాంతోపాటు ఆఫీసు నుంచి ఒక షరతు కూడా వచ్చింది. గుమ్మం దగ్గర ఒక బకెట్టు నీళ్లు, ఒక సబ్బు, ఒక తువ్వాల ఉండాలి. లోపలికి వచ్చే ప్రతి పాఠకుడూ చేతులు కడుక్కోవాలి. ప్రతి పాఠకుడూ అంటే ఎవరో అందరికీ తెలుసు. బకెట్టు మా బావ ఇచ్చాడు, హోటల్లో చిల్లుపడితే అతుకు వేయించినది. ఇచ్చిన రోజు నుంచి ఆయన చరిత్రలో ఆ బకెట్టు చాయ్ కంటే ముందు వస్తున్నది.

ఇప్పుడు నేను కడుక్కునే చదువుతున్నాను. పేజీలు శుభ్రంగా ఉన్నాయి. ఒక్కోసారి పుస్తకం మూసేటప్పుడు చిన్న బెంగ కలుగుతుంది. మళ్లీ ఇంకో సారు వచ్చి ఈ పుస్తకం తెరిస్తే, ఎవరైనా చదివారని ఎట్లా తెలుస్తుంది? ఈ మాట పెద్దమ్మతో అంటే ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"చెయ్యి కడిగినవు గని నోరు కట్టేసుకోలేదు గదరా. తెలుస్తనే ఉంటది."

ఈ సంగతులన్నీ సరిగ్గా రాయడానికి సాయపడినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. పేర్లు రాస్తే ఎవరిది ముందు వచ్చిందని ఊళ్లో ఇంకో మీటింగు అవుతుంది, కాబట్టి వరసలతో చెబుతాను. తనకు ఆటో ప్రయాణం తప్పకుండా పోతుందని తెలిసీ నా మురికి వేళ్ల గురించి నిజం చెప్పిన మేడంకు. ఇప్పటికీ రోజూ ఆటో ఎక్కే వస్తున్నది. తాళంచెవి దాచిపెట్టిన, బకెట్టు ఇచ్చిన బావకు. సమయానికి పనిచేయని టవరుకు జాగా ఇచ్చిన ఆసామికి. చొక్కా పాడుచేసుకున్న పెద్దసారుకు. ఆ పొద్దున ఏ స్తంభం మీద తీగ తెగిందో, దాన్ని సాయంత్రం దాకా కాకుండా సరిగ్గా ఆ వేళకే అతికిన, నేను ఎన్నడూ చూడని లైన్‌మన్‌కు. ఇక పెద్దమ్మకు. తన వరస అందరికంటే చివర ఉండాలని, చివరిదే జనానికి గుర్తుంటుందని ఆమే చెప్పింది. నేను చదివి వినిపించినప్పుడు ఈ వాక్యం దగ్గర సరేనని తలూపి, పిండి డబ్బా మూత పెట్టుకుని, సత్తుపల్లికి ఒక రింగు ఇచ్చింది.